ఆగని కూత

మా ఊరు భీమవరం అనగానే ఎదుటివారు మొదట అడిగేది కోడిపందేల గురించే. అది మా ఊరి అదృష్టమో దురదృష్టమో తేల్చుకోలేక, ఆ ప్రశ్నకు చిరునవ్వునే సమాధానంగా పెట్టుకున్నాను. నా చిన్ననాటి సంక్రాంతికి ఇంకొక ముఖం కూడా ఉండేది. సార్వా కోతలు ముగిసి, కుప్పనూర్పులు పూర్తయి, దాళ్వా ఊడ్పులకు కాలవ నీరు పెట్టేలోగా దొరికే ఆ కొద్ది రోజుల్లో, ఊరి చివర చేలల్లో వరిదుబ్బులు చెక్కి, నేల చదును చేసి, ముగ్గుపిండితో గీతలు గీసి చెడుగుడు ఆడేవాళ్ళం. ఆ చేలు ఇప్పుడు రొయ్యల చెరువులు. గీతలు గీసిన చోట ఇప్పుడు ఏరేటర్లు తిరుగుతున్నాయి.

అప్పట్లో చెడుగుడుకు రిఫరీ అనే మాట మాకు తెలియదు. ఎవరో ఒక పెద్దమనిషి గట్టు మీద కూర్చుని "చచ్చాడు" అంటే చచ్చినట్టు, "బతికాడు" అంటే బతికినట్టు. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఏడు ఆ పెద్దమనిషికి జ్వరం తగిలింది. "చదువుకున్నోడివి, నువ్వుండరా" అని ఆ గట్టు మీద నన్ను కూర్చోబెట్టారు. రెండు వీధుల మధ్య చివరి ఆట. మా వీధివాడే, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, కూతకు వెళ్ళాడు. అవతలివాళ్ళు కాళ్ళు పట్టుకున్నారు. వాడు పడిపోతూనే చెయ్యి చాచి మధ్యగీతను అందుకున్నాడు. అందుకునేసరికి కూత ఉందా, ఆగిపోయిందా? ఆగిందన్నాను. వాడు లేచి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. నాకు రోషం వచ్చింది. ఆ కూతకే కాదు, మొత్తం ఆటకే వాణ్ణి పనికిరావు పొమ్మన్నాను. ఒక మనిషి తక్కువై వాడి జట్టు ఓడిపోయింది.

ఆ రాత్రి గెలిచిన జట్టులోని కుర్రాడొకడు, వాడి కాళ్ళు పట్టుకున్నవాడే, నవ్వుతూ నాతో చెప్పాడు, గీత ముట్టేదాకా కూత తన చెవిలో మోగుతూనే ఉందని. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఈ సంగతిని నేను దాదాపు మరిచిపోయాను. 2022 ఏప్రిల్ 30న అది మళ్ళీ గుర్తొచ్చింది. ఆ రోజు ఫిలిప్పీన్స్‌లో, మనీలా మహానగరంలో భాగమైన ముంటిన్లుపాలో, ఆసియా బ్యాడ్మింటన్ పోటీల సెమీఫైనల్ జరుగుతోంది. మన పి.వి. సింధు ఒక వైపు, జపాన్‌కు చెందిన అకానె యమగూచి మరో వైపు. మొదటి గేమును సింధు 21-13 తేడాతో గెలుచుకుంది. రెండో గేములో 14-11తో ముందుంది. సర్వీసు ఆమెదే. అప్పుడు అంపైరు, సర్వీసు చేయడానికి ఆలస్యం చేస్తోందన్న కారణంతో, ఒక పాయింటును జరిమానాగా విధించింది. 15-11 కావలసింది 14-12 అయింది, సర్వీసు కూడా అవతలికి వెళ్ళింది. సింధు అంపైరుతో వాదించింది, రిఫరీ కోర్టులోకి వచ్చారు, ఆమె ఆయనకూ చెప్పింది. ఎదుటి మనిషి సిద్ధంగా లేనప్పుడు నేనెలా సర్వీసు చేస్తానన్నది ఆమె వాదన. నిర్ణయం మారలేదు. ఆ గేము 19-21, తర్వాతిది 16-21. సింధుకు దక్కింది కంచు పతకం.

తెలియనివారి కోసం ఒక్క మాట. బ్యాడ్మింటన్‌లో అంపైరు వేరు, రిఫరీ వేరు. ఎత్తైన కుర్చీలో కూర్చుని ఆ ఒక్క మ్యాచును నడిపేవారు అంపైరు. పోటీ మొత్తానికీ బాధ్యత వహించేవారు రిఫరీ. నిబంధనల ప్రకారం ఆటగాడు తప్పు చేస్తే అంపైరు మొదట హెచ్చరించాలి, దానికి గుర్తు పచ్చ కార్డు (పసుపుపచ్చ అని చదువుకోండి, మా వైపు పచ్చ అంటే అదే). హెచ్చరించాక మళ్ళీ చేస్తే ఫాల్టు, అంటే ఎదుటివారికి పాయింటు, దానికి గుర్తు ఎర్ర కార్డు. పోటీ నుంచే వెలివేయాలంటే నల్ల కార్డు, అది రిఫరీ చేతిలో మాత్రమే ఉంటుంది. అదే నిబంధనావళిలో మరొక వాక్యముంది. సర్వీసు చేసేవారు, అందుకునేవారు ఇద్దరూ సిద్ధమైన తర్వాత మాత్రమే ఆలస్యం ఆలస్యమవుతుంది. సింధు గొంతు చించుకుని చెప్పింది ఈ వాక్యమే.

టీవీ ముందు కూర్చున్న నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. గట్టు మీద కూర్చున్న ఆ డిగ్రీ కుర్రాడు కళ్ళముందు కనిపించాడు. ఒక మనిషిని ఆటలోంచి పంపించేయడానికో, ఆమె సంపాదించుకోబోయే పాయింటును లాగేసుకోవడానికో ఇంకొక మనిషికి అధికారం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని అప్పటినుంచీ చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ ఆ దారి నన్ను నేనెన్నడూ చూడని దేశానికి, ఐర్లండుకు, తీసుకుపోయింది.

1884 నవంబరు 1న ఐర్లండులోని థర్లెస్ పట్టణంలో, ఒక హోటల్లో, కొద్దిమంది సమావేశమై గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. మైకేల్ క్యూసాక్ అనే బడిపంతులు దానికి ఊపిరి. తొలి అధ్యక్షుడు మారిస్ డేవిన్. ఆంగ్లేయుల ఆటలు తమ పల్లె ఆటలను మింగేస్తున్నాయని, వాటిని నిలబెట్టుకోవాలని వారి తపన. మన దేశంలో చెడుగుడుకూ, హుతుతుకూ, కబడ్డీకీ ఒకే నిబంధనావళి కుదర్చాలని మహారాష్ట్ర వ్యాయామశాలలవారు తర్వాతి కాలంలో పడిన ఆరాటం కూడా అటువంటిదే కదా! పల్లెకొక తీరుగా ఆడే ఫుట్‌బాల్‌కు డేవిన్ 1885లో నియమాలు రాశాడు. జట్టుకు 14 మందికి తగ్గకుండా, 21 మందికి మించకుండా ఉండాలన్నాడు. అంపైర్లు ఉండాలి, వారి మధ్య అభిప్రాయభేదం వస్తే రిఫరీ మాటే చివరిది అన్నాడు. ఆ చిన్న పట్టికలోనే ఇంకొక నియమం ఉంది. వెనకనుంచి తోసినా, వెనకనుంచి పట్టుకున్నా, తలతో కుమ్మినా ఆ ఆటగాడు పక్కకు తప్పుకుని నిలబడాలి, ఆ మ్యాచులో మళ్ళీ అడుగుపెట్టకూడదు, అతడి స్థానంలో ఇంకొకరిని దించకూడదు.

అంటే కార్డు పుట్టడానికి ఎనభై అయిదేళ్ళ ముందే ఎర్ర కార్డు శిక్ష పూర్తిగా ఉంది. మనిషి పోతాడు, ఆ జట్టు అంగవైకల్యంతో మిగిలిన ఆట ఆడుతుంది. నాకు ఆశ్చర్యం కలిగించింది శిక్ష కాదు, దాన్ని చెప్పిన తీరు. గెంటివేయడం, వెలివేయడం అన్న మాటలు అందులో లేవు. పక్కకు తప్పుకుని నిలబడు, అంతే. మన చెడుగుడు కూడా ఆ విధంగా మర్యాద గల ఆటే. అందులో చచ్చినవాడు గీత అవతల కూర్చుంటాడు, తనవాళ్ళు ఎదుటి జట్టులో ఒకణ్ణి చంపితే తాను బతికి వస్తాడు. చావు తాత్కాలికం. దాన్ని శాశ్వతం చేసే అధికారం ఆ రోజు నాకెవరిచ్చారో నాకిప్పటికీ తెలియదు.

ఇంతకీ కార్డు సంగతి. దాని పుట్టుకకు కారణం క్రౌర్యం కాదు, భాష. 1962 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్‌లో, చిలీ రాజధాని సాంటియాగోలో, చిలీ-ఇటలీల మ్యాచుకు రిఫరీ కెన్ ఆస్టన్ అనే ఆంగ్లేయుడు. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే ఇటలీ ఆటగాడు ఫెరీనీని బయటకు పొమ్మంటే అతడు కదలలేదు. చివరికి పోలీసులు వచ్చి తీసుకుపోవలసి వచ్చింది. నాలుగేళ్ళు తిరిగాక, 1966 జులై 23న, లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండు-అర్జెంటీనాల క్వార్టర్ ఫైనల్. రిఫరీ రుడాల్ఫ్ క్రైట్‌లైన్ పశ్చిమ జర్మనీవాడు. అర్జెంటీనా నాయకుడు అంటోనియో రాటిన్ మాట్లాడేది స్పానిష్. మాటిమాటికీ వచ్చి తనతో వాదిస్తున్నాడని రిఫరీ అతణ్ణి పొమ్మన్నాడు. నాకు దుబాసీ కావాలని అడుగుతున్నానంతే అని రాటిన్ అంటాడు. ఒకరి మాట ఒకరికి తెలియని ఆ ఇద్దరి మధ్య ఎన్నో నిమిషాలు ఆట నిలిచిపోయింది. అప్పటికి ప్రపంచ కప్పు రిఫరీలందరి మీదా పర్యవేక్షకుడుగా ఉన్న ఆ కెన్ ఆస్టనే మైదానంలోకి దిగి రాటిన్‌ను బయటకు పంపడంలో చెయ్యి వేయవలసి వచ్చింది. ఆ మ్యాచులోనే ఇంగ్లండు ఆటగాళ్ళయిన చార్ల్‌టన్ సోదరులను రిఫరీ హెచ్చరించాడన్న సంగతి మర్నాడు పత్రికల్లో చూస్తే తప్ప వారికే తెలియలేదట!

ఆస్టన్ కారు నడుపుకుంటూ కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో పోతుండగా ట్రాఫిక్ లైట్ల దగ్గర ఆగవలసి వచ్చిందనీ, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు అన్న భాష ఏ దేశస్థుడికైనా తెలుసు కదా అన్న ఆలోచన అక్కడే మెరిసిందనీ ఆయనే చెప్పుకున్నాడు. 1970 మెక్సికో ప్రపంచ కప్పులో కార్డులు వచ్చాయి. ఆ పోటీలో ఎర్ర కార్డు ఒక్కసారి కూడా బయటకు రాలేదు. ప్రపంచ కప్పులో మొట్టమొదటి ఎర్ర కార్డు 1974 జూన్ 14న, బెర్లిన్‌లో, చిలీ ఆటగాడు కార్లోస్ కాసెలీకి చూపించారు. సాంటియాగోలో మొదలైన కథ చిలీ మనిషి దగ్గరే తేలడం కాకతాళీయమే కావచ్చు గానీ, కథలు రాసుకునే నాబోటివాడికి ఇటువంటివి పట్టించుకోకుండా ఉండడం కష్టం.

ప్రపంచమంతా కార్డులు పట్టుకు తిరుగుతున్నా, పంపించివేతను 1885లోనే రాతలో పెట్టిన ఐరిష్‌వారు మాత్రం వాటిని చాలాకాలం దగ్గరకు రానీయలేదు. రిఫరీ పిలుస్తాడు, పేరు రాసుకుంటాడు, వేలితో దారి చూపిస్తాడు, అంతే. 1983 అఖిల ఐర్లండు ఫైనల్‌లో డబ్లిన్, గాల్వే తలపడ్డాయి. రిఫరీ జాన్ గాఫ్ నలుగురిని పంపించేశాడు, ముగ్గురు డబ్లిన్‌వారు, ఒకరు గాల్వేవారు. పదిహేనుమందితో మొదలుపెట్టిన డబ్లిన్ పన్నెండుగురితో ముగించి, పద్నాలుగుమంది మీద రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. ఆ పన్నెండుగురిని ఇప్పటికీ డబ్లిన్‌వారు వీరులంటారు, గాల్వేవారు ఇంకేదో అంటారు.

అంతకంటే విచిత్రమైనది 1995 ఫైనల్. సెప్టెంబరు 17, డబ్లిన్ నగరంలోని క్రోక్ పార్క్, డబ్లిన్-టైరోన్‌ల మ్యాచు. రిఫరీ పాడీ రస్సెల్ రెండో సగంలో డబ్లిన్ ఆటగాడు చార్లీ రెడ్మండ్‌ను బయటకు పొమ్మన్నాడు. రెడ్మండ్ పోలేదు. ఆట మళ్ళీ మొదలైంది. పంపించేసిన మనిషి రమారమి రెండు నిమిషాలు మైదానంలోనే ఆడుతూ ఉన్నాడు! రిఫరీ చూసుకుని మళ్ళీ పొమ్మంటే అప్పుడు కదిలాడు. చివర్లో టైరోన్ వేసిన, స్కోరును సమం చేయవలసిన పాయింటును రస్సెల్ చెల్లదన్నాడు. అంతకుముందు పీటర్ కానవన్ నేల మీదున్న బంతిని చేత్తో ముట్టాడని ఆయన తీర్పు. డబ్లిన్ 1-10, టైరోన్ 0-12. గేలిక్ లెక్కలో గోలుకు మూడు పాయింట్లు కనుక 13, 12. ఒక్క పాయింటు. ఎన్నో నిమిషాల రభస చేసినా రాటిన్ చివరికి వెళ్ళాడు. రెడ్మండ్ విషయంలో అసలు వెళ్ళమన్నారో లేదో చూసేవారికే స్పష్టంగా తెలియలేదు. గేలిక్ ఆటల్లోకి కార్డులు ఆ తర్వాతే వచ్చాయి. 2014లో వారు నల్ల కార్డు కూడా పెట్టుకున్నారు. కానీ అది బ్యాడ్మింటన్ నల్ల కార్డులాగ ఉరిశిక్ష కాదు. ఆ మనిషి బయటకు పోతే వేరొకరు రావచ్చు. 2020 నుంచి దాన్ని పది నిమిషాల శిక్షగా మార్చారు. కబడ్డీలో పసుపు కార్డుకు రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టే పద్ధతి ఉంది కదా, ఆ కోవలోదే.

రంగు ఒకటే అయినా ఆటకొక అర్థం. కార్డు తెచ్చిన మేలల్లా ఏమిటంటే, రిఫరీ ఏమన్నాడో అందరికీ తెలిసింది. అన్నది సరైనదా కాదా అన్న దానికీ కార్డుకూ సంబంధం లేదు. ఈ తేడాను నాకు అరటిపండు ఒలిచినట్టు చూపించింది మళ్ళీ వెంబ్లీయే, ఈసారి అక్కడ దెబ్బ తిన్నది ఒక తెలుగమ్మాయి.

2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ పోటీలు జరిగింది వెంబ్లీ ఎరీనాలో. రాటిన్‌ను పంపించేసిన స్టేడియం స్థానంలో అప్పటికే కొత్త స్టేడియం లేచింది. ఎరీనా దాని పక్కనే. ఓడినవారు వెంటనే ఇంటికి పోయే పాత పద్ధతి తీసేసి, ఒలింపిక్ బ్యాడ్మింటన్‌లో మొదటిసారిగా గ్రూపులు పెట్టారు. దాంతో ఎవరు ఓడితే తర్వాత ఎవరు ఎదురవుతారో ముందే లెక్కలు వేసుకునే వీలు దొరికింది. జులై 31న మహిళల డబుల్స్‌లో చైనాకు చెందిన యు యాంగ్, వాంగ్ షియావోలి జంటా, వారితో ఆడిన దక్షిణ కొరియా జంటా ఓడిపోవడానికి పోటీ పడ్డాయి. కావాలని నెట్‌లోకి కొట్టడం, సర్వీసు తప్పడం. వేలమంది ప్రేక్షకులు గోల పెట్టారు. కాసేపటికి మరో కొరియా జంటా, ఇండోనేషియా జంటా అదే నాటకం ఆడితే రిఫరీ టోర్‌స్టెన్ బెర్గ్ కోర్టులోకి వచ్చి నల్ల కార్డు చూపించాడు. ఆటగాళ్ళూ కోచ్‌లూ గొడవ పెట్టారు. నల్ల కార్డును వెనక్కి తీసుకున్నారు! ఆట సాగింది. మర్నాడు ప్రపంచ సమాఖ్య కూర్చుని నాలుగు జంటలనూ, ఎనిమిదిమందినీ, పోటీ నుంచి తప్పించింది. అంటే ముందురోజు సాయంత్రం రిఫరీ చేతిలోని కార్డు చెప్పిందే సరైనదని ఒక రాత్రి గడిచాక తేలింది.

ఇందులో మన సంగతి ఎక్కడ? అదే గ్రూపు పద్ధతిలో హైదరాబాదీ గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పతో కలిసి ఆడుతోంది. అంతకుముందు ఏడు, 2011లో, లండన్‌లోనే ప్రపంచ పోటీల్లో కంచు పతకం గెలిచిన జంట అది. మొదట జపాన్ చేతిలో ఓడి, తర్వాత చైనీస్ తైపీ జంటను 25-23, 16-21, 21-18తో, సింగపూర్ జంటను 21-16, 21-15తో ఓడించారు. కానీ జపాన్ జంట తైపీ చేతిలో ఓడిపోయింది. దాంతో మూడు జంటలకూ రెండేసి విజయాలు. లెక్క తేల్చితే జపాన్‌కు పాయింట్ల మిగులు నాలుగు, మనకు మూడు. ఒకే ఒక్క పాయింటు. తైపీతో జపాన్ ఆడిన తీరును విచారించమని భారత బృందం ఫిర్యాదు చేసింది, సమాఖ్య తోసిపుచ్చింది. జపాన్ జంట మీద ఏ అభియోగమూ రాలేదు, అందుచేత ఆ అమ్మాయిల మీద నేనూ మాట వెయ్యను. కానీ ఆ పైన జరిగినది చూడండి. చైనా, కొరియా, ఇండోనేషియా జంటలను తప్పించిన గ్రూపుల్లో వెనకబడి నిష్క్రమించినవారిని తిరిగి పిలిచారు. అలా తిరిగివచ్చిన రష్యా జంట కంచు పతకం గెలుచుకుంది. జపాన్ జంటకు వెండి. మన గ్రూపులో ఎవరినీ తప్పించలేదు కనుక మనకు ఖాళీ ఏర్పడలేదు. మూడింటిలో రెండు గెలిచి, అశ్వినీ జ్వాలా ఇంటికి వచ్చేశారు.

నిబంధన ప్రకారం ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. నాకు మనసు కష్టపెట్టేది కూడా అదే. నియమం తప్పినప్పుడు దెబ్బ తిన్నవారికి అరిచే హక్కయినా ఉంటుంది. నియమం సక్రమంగా నడిచినప్పుడు దెబ్బ తిన్నవారు దేని మీద అరవాలి?

సింధుకు అరిచే హక్కు ఉంది. ఆమె అరిచింది, ఆమె వైపునుంచి ఫిర్యాదు కూడా వెళ్ళింది. 2022 జులై మొదటి వారంలో ఆసియా బ్యాడ్మింటన్ సాంకేతిక సంఘం అధ్యక్షుడు ఆమెకు క్షమాపణ తెలుపుతూ రాసిన లేఖ సంగతి పత్రికల్లో వచ్చింది. అది మానవ తప్పిదమని ఒప్పుకున్నారు. ఇప్పుడు సరిదిద్దడానికి వీల్లేదన్నారు. మళ్ళీ జరగకుండా చర్యలు తీసుకున్నామన్నారు. రెండు నెలలకు వచ్చిన మాట. అప్పటికి యమగూచి ఫైనల్ ఆడి, వాంగ్ జియీ అనే చైనా అమ్మాయి చేతిలో ఓడిపోవడం కూడా పాతబడిపోయింది.

ఆ లేఖను కొందరు ఎద్దేవా చేశారు, ఎవడికి కావాలి ఈ కాగితం అని. నేను ఒప్పుకోను. క్రైట్‌లైన్ రాటిన్‌కు లేఖ రాశాడా? ఆ డిగ్రీ కుర్రాడు మా వీధివాడికి రాశాడా? తప్పయిందని రాతలో పెట్టడానికి రెండు నెలలు పట్టినా, రాయడమన్నది ఆటల లోకంలో అరుదే. అయితే లేఖలో ఉన్న మాట కంటే లేనిది నాకు ఎక్కువగా కనిపించింది. పాయింటు జరిమానాకు గుర్తుంది. తప్పు జరిమానాకు ఏ రంగు గుర్తూ లేదు. తర్వాతి సర్వీసు పడేలోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు, రిఫరీ వినవచ్చు, అక్కడితో సరి. షటిల్ గాలిలోకి లేచాక వెనక్కి రాదు.

అంపైరు మీద మరీ కఠినంగా ఉండడం కూడా న్యాయం కాదని తోస్తుంది. కంటితో, చెవితో చూసి వినే మనిషికి తీర్పు చెప్పవలసినవి ఎప్పుడూ అంచు మీది సంగతులే. బ్యాడ్మింటన్ సర్వీసు సంగతే తీసుకోండి. షటిల్‌ను నడుము కంటే కిందనుంచి కొట్టాలన్నది పాత నియమం, నడుమెక్కడో చూసి చెప్పవలసింది సర్వీసు జడ్జి. పొడవాటి ఆటగాడికి నడుము ఎక్కడ మొదలైందన్నది ఎప్పుడూ తగువే. 2018లో దాన్ని తీసేసి, నేలనుంచి 1.15 మీటర్ల ఎత్తు అని గీత గీశారు. పొడుగరులు నొచ్చుకున్నారు. కానీ తగువు చాలావరకు తగ్గింది. కూతకు అటువంటి గీత ఉండదు. ఊపిరి ఎక్కడ ఆగిందో కొలిచే బద్ద ఎవరి దగ్గరుంది?

పొడుగరులంటే గుర్తొచ్చింది. మా గోదావరి గట్టున, అమలాపురంలో, పుట్టి పెరిగిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ఆ పొడుగరుల్లో ఒకడు. 2023లో ఆసియా పోటీలు దుబాయిలో జరిగాయి. పురుషుల డబుల్స్ ఫైనల్‌లో సాత్విక్, చిరాగ్ శెట్టి జంట మలేషియా జంట మీద మొదటి గేము ఓడి, తర్వాతి రెండూ 21-17, 21-19తో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నారు. ఆసియా పోటీల్లో భారత్‌కు బంగారం రావడం 1965లో దినేశ్ ఖన్నా తర్వాత అదే. ఆ ఫైనల్ తేదీ ఏప్రిల్ 30. ముంటిన్లుపాలో సింధు పాయింటు పోగొట్టుకుని సరిగ్గా ఏడాది. మా బంధువుల ఇంట్లో ఆ రోజు అమలాపురం పేరు టీవీలో వినిపించినప్పుడల్లా కేకలే. నేను మాత్రం చివరి పాయింటు పడేదాకా అంపైరు కుర్చీ వైపే చూస్తూ కూర్చున్నాను, ఏ క్షణాన ఏం చేస్తారో అని. పిచ్చితనమే, ఒప్పుకుంటాను.

2024 సంక్రాంతికి మా వీధివాణ్ణి కలిశాను. చాలా ఏళ్ళుగా రొయ్యల సాగు చేస్తున్నాడు, జుట్టు నెరిసింది, నాకంటే లోకం ఎక్కువ తెలిసినవాడు. చెరువు గట్టు మీద కూర్చుని మేత ధరలు, రొయ్యల కౌంటు, తెల్లమచ్చల జబ్బు, అన్నీ మాట్లాడుకున్నాక సాత్విక్ దగ్గరకు వచ్చి, అక్కణ్ణుంచి సింధు దగ్గరకు వచ్చాము. ఏరేటర్ల హోరులో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తోంది.

"పాపం ఆ పిల్లకి ఉత్తరమన్నా రాశారు" అన్నాడు. కాసేపాగి, "అన్నయ్యా, ఆ రోజు నా కూత ఆగిందంటావా?" అన్నాడు.

ఇన్నేళ్ళుగా వాడికీ ఆ కూత గుర్తుందని నేననుకోలేదు.

"ఆగలేదురా. ఆ రాత్రే తెలిసింది నాకు."

వాడు నావైపు చూశాడు. కోపం లేదు, నవ్వూ లేదు. "మరి మా నాన్న ఉన్నప్పుడు చెప్పాల్సింది అన్నయ్యా. అబద్ధమాడి ఆట చెడగొట్టానని ఆయన పోయేదాకా నన్ను దెప్పుతానే ఉన్నాడు" అన్నాడు.

నేను ఏదో అనబోయేంతలో కరెంటు పోయింది. ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వాడు లుంగీ ఎగ్గట్టి జనరేటర్ షెడ్డు వైపు పరుగెత్తాడు.